లచ్చత్త చెప్పిన నలుపు తెలుపు సినిమా

మొన్న జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదిలే ముందు ఒక పెద్దావిడ తడి గోనెగుడ్డ చుట్టిన మూటను చంకన పెట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది. మూట కింద పెట్టమని కండక్టరు ఎంత చెప్పినా వినలేదు, ఒళ్లోనే పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. ఊరు దాటి కిటికీలోంచి గాలి కొట్టేసరికి అందులోంచి నానిన తునికాకు వాసన లేచింది. కొంచెం పచ్చిగా, కొంచెం పులుపుగా, తొలివానకు తడిసిన మట్టిగోడను నాకితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది ఆ వాసన. గోడను నాకిన దాన్ని గనుకే చెబుతున్నాను. తునికాకు వాసన తగిలితే ఎవరికైనా బీడీలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఒక సినిమా గుర్తుకొస్తుంది. పాటలు లేని, నవ్వులు లేని, ఆఖరికి ఎవరూ బాగుపడని ఒక పాత నలుపు తెలుపు సినిమా. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాయిన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. మేము నలుగురం ఆడపిల్లలం, నేను మూడోదాన్ని. మా మేనత్త లచ్చవ్వది కోరుట్ల, ఆమెకు పిల్లలు లేరు. ఒక బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చి, పోయేటప్పుడు "నాలుగొద్దులుంచుకొని తోలిస్తనే వదినె" అని మా అమ్మతో చెప్పి నన్ను వెంటబెట్టుకుపోయింది. ఆ నాలుగు రోజులు ఏడేండ్లయ్యాయి. తమాషా ఏమిటంటే ఆమె భర్త రాజేశం మామ కూడా సిరిసిల్ల సాంచాల మీదే పనిచేస్తూ మా ఇంట్లో ఉండేవాడు, పదిహేను రోజులకోసారి కోరుట్లకు వచ్చి పోయేవాడు. అంటే వాళ్లింట్లో నేను, మా ఇంట్లో ఆయన. "మార్పు బేరం చేసుకున్నం" అని నవ్వేవాడు మామ. వచ్చినప్పుడల్లా చొక్కా నిండా నూలు దుమ్ము, జేబులో నాకోసం పుట్నాలు.

లచ్చత్త ఇంటి ముందు రేకుల సాయమాను ఉండేది. పొద్దెక్కేసరికి వాడకట్టులోని ఆడవాళ్లు అయిదారుగురు చాటలు పట్టుకుని అక్కడికి చేరేవాళ్లు. కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట, చాటలో ఓ పక్క కత్తిరించిన ఆకు, ఓ పక్క తమాకు, అంటే పొగాకు పొడి, వేలికి చుట్టిన దారపు ఉండ. ఎండాకాలం ఆకు ఫెళఫెళ విరుగుతుందని గంటకోసారి నీళ్లు చల్లాలి, వానాకాలం బూజు పడుతుందని పొయ్యి పక్కన ఆరబెట్టాలి, చలికాలం ఊరి బయట పొలాల్లో పసుపు ఉడకబెట్టే వాసన వచ్చి తమాకు ఘాటుతో కలిసి అందరికీ ఒకటే తుమ్ములు. మధ్యాహ్నం ఎవరో ఒకరు మక్క గుడాలో, సర్వపిండో తెచ్చేవాళ్లు. బతుకమ్మ రోజుల్లో అయితే నువ్వుల సద్ది, మలీద. అందరి చేతులకూ తమాకు ఉంటుంది గనుక ముద్దలు కట్టి నోళ్లలో పెట్టే పని నాది. ఒక్కొక్కరి నోరు ఒక్కో తీరు. రాజవ్వ నా వేళ్లు కూడా కొరికేది.

వాళ్లకు సినిమాలంటే ప్రాణం. కార్ఖానాలో ఆకు ఇవ్వని రోజు తప్ప తీరిక దొరకదు, ఆ రోజు కూడా అందరూ ఎగబడి పోతే పిల్లలను ఎవరు చూడాలి, పొయ్యి ఎవరు ముట్టించాలి? అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకతి పోయి చూసి రావాలి, మర్నాడు మిగిలినవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. కథ చెప్పేటప్పుడు చేతులు తిప్పాలి గదా, చేతులు తిప్పితే బీడీలు ఎవరు చుట్టాలి? కాబట్టి వినేవాళ్లు తలా రెండు కట్టలు చుట్టి ఆమె చాటలో వేసేవాళ్లు. దానికి కథకట్ట అని పేరు. వంతులు ఉండేవి గాని అవి పేరుకే. రాజవ్వను పంపితే "ఇద్దరు కొట్లాడిండ్రు, మళ్ల పెండ్లి జేసుకున్నరు, గంతే" అని మూడు బీడీలు చుట్టేలోపు కథ ముగించేది. ఇక లాభం లేదని అందరూ లచ్చత్తనే పంపేవాళ్లు. తోకలాగా నేను.

టాకీసులో పొద్దటి ఆటకు పాత సినిమాలు వేసేవాళ్లు. ఆడవాళ్ల బెంచీలు వేరుగా, మధ్య ఒక అడ్డుగోడ. అటువైపు మగవాళ్లు తాగే బీడీల పొగ మిషన్ వెలుతురులో సుడులు తిరుగుతుంటే "గిది మనం చుట్టిందేనే" అని అత్త నా చెవిలో చెప్పేది. ఆ సినిమా వేసిన రోజు తెర నిండా గీతలు. కథలోనూ వానే. ఏది రీలు వానో, ఏది కథ వానో తెలిసేది కాదు. ఒక పట్నంలో గడియారాలు బాగుచేసే పిలగాడు. రైలు తప్పిపోయిన ఒక నల్లచీర ఆమె వానలో తడుస్తూ అతని దుకాణంలోకి వస్తుంది. ఆమెను లాడ్జికి తీసుకుపోతాడు. అక్కడ పుస్తకంలో పేరు రాయాలి. నీ పేరు వద్దు, నేను చెప్పిన పేరు రాయి, ఒక్క రాత్రికే కదా అంటుంది ఆమె. కలం పట్టుకుని అతను ఆగుతాడు. కిటికీ చెక్కల నీడలు ముఖం మీద అడ్డంగా పడి ఉంటాయి. రాస్తాడు. అంతే, అతను చేసిన తప్పు ఆ ఒక్కటే. ఆ పేరు గలవాడు ఎవరినో చంపి పారిపోయినవాడు. తెల్లారేసరికి ఊరంతా ఇతని వెంటపడుతుంది. నేను నేనేనని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. చివరకు కోర్టులో ఇతనెవరో చెప్పగల ఒకే ఒక్క మనిషి ఆ నల్లచీర ఆమె. బోనులో నిలబడి అతని కళ్లలోకి చూసి "ఈయనెవరో నాకు తెలియదు" అంటుంది. తెర నల్లబడుతుంది.

మర్నాడు అత్త ఆ కథ చెబుతుంటే సాయమాను కింద కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. చాటలో ఒక్క కట్ట పడలేదు, చుట్టడమే మరిచిపోయారు. "అగో, ఒక్క మాట జెప్పితే ఆమె సొమ్మేం బోయిందే!" అని రాజవ్వ తిట్లు లంకించుకుంది. ఆ పిలగాడు సిగరెట్టు తాగుతాడని తెలిసి ఇంకొకామె "మన బీడి తాగితే ఆనికి గింత కష్టమచ్చెడిది కాదు" అంది. నవ్వారు, వెంటనే నవ్వు ఆగింది. "బతికియ్యరాదే లచ్చవ్వా, నీ నోరేం బోతది?" అని బతిమాలారు. అత్త ఒప్పుకోలేదు. వాళ్లు మళ్లీ చెప్పమన్నారు. వారం తిరక్కముందే ఇంకోసారి. మళ్లీ ఏడాది ఆ సినిమా వచ్చినప్పుడు ఆకు ఉన్న రోజే పని ఎగ్గొట్టి అందరూ కలిసి పోయారు.

ఏం బాగుందని అంతగా చూశామో ఎన్నో ఏండ్లు ఆలోచించాను. ఏడిపించే సినిమాలు మాకు కొత్త కాదు. వాటిలో ఆఖర్న దేవుడైనా దిగి వస్తాడు, తప్పిపోయిన తమ్ముడైనా పరుగెత్తుకొస్తాడు. ఇందులో ఎవరూ రారు. చెడ్డవాడు చెడిపోవడం కాదిది, మంచివాడు ఒక్క అడుగు తప్పు వేస్తే మిగతా అడుగులు వాటంతటవే పడిపోవడం. ఆ సంగతి చూసేవాళ్లందరికీ తెలుసు, వాడికి తప్ప. నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ వాడు కలం ఎత్తగానే కళ్లు మూసుకుని, ఈసారన్నా నీ పేరు రాయరా అని మొక్కుకున్నాను. రాయడని తెలుసు. తెలిసి కూడా మొక్కుకోవడంలో ఒక రుచి ఉంది, దాన్నే బొమ్మ బాగుంది అంటామేమో. మేము పిల్లలం గచ్చకాయలు మానేసి కోర్టాట ఆడేవాళ్లం. "నువ్వెవలు?" "నేను నేనే." "సాచ్చిగమెవలు?" ఎవరూ లేరు. నవ్వుకుంటూ ఆడాం, ఛీ.

నాకు పదేళ్లప్పుడు సిరిసిల్లలో సాంచాలు వరుసగా బందయ్యాయి. మామ కోరుట్లకు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. నేను కోరుట్ల రాకముందే ఒకసారి ఆయన దుబాయి పోయి, పని ఇచ్చినవాడు బాధపెడితే పారిపోయి దొంగచాటుగా పనులు చేసుకుని, దొరికిపోయి తిరిగి వచ్చాడు. అట్లా దొరికినవాణ్ని ఆ పేరుతో మళ్లీ రానివ్వరట. జగిత్యాలలో ఒక ఏజెంటు దారి చూపించాడు. మా పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి గంగారాం అనే ఆయన పాస్‌పోర్టు, వీసా అన్నీ తీసుకున్నాక, సరిగ్గా పసుపు తవ్వే రోజుల్లో తండ్రి మంచాన పడడంతో ఆగిపోయాడు. ఆ పాస్‌పోర్టులో గంగారాం ఫొటో ఊడదీసి మామ ఫొటో అంటిస్తారు. మా వైపు అప్పట్లో ఇది ఎంత మామూలంటే, పక్క వాడలో ఇద్దరు అట్లాగే పోయి డబ్బాల నిండా అత్తర్లు తెచ్చుకున్నారు. "రెండేండ్లకే గదా" అన్నాడు మామ.

విమానం ఎక్కే చోట ఆఫీసరు పేరు అడుగుతాడట, అనుమానమొస్తే, దొరికి తిరిగొచ్చినవాళ్ల పేర్లన్నీ వెనక నుంచి ఒక్కొక్కటిగా పిలిచి కూడా చూస్తాడట. తిరిగి చూస్తే అక్కడే పట్టుకుంటారట. ఏజెంటు ఈ మాట చెప్పి వారం రోజులు సాధన చేయమన్నాడు. అయిదో తరగతిలో బాగా చదువుతానని పరీక్ష పెట్టే పని నాకు అప్పగించారు. నాకెంత గర్వం! "పేరేంది?" "గంగారాం." "తండ్రి పేరు?" "ఎల్లయ్య." "ఊరు?" "ఇబ్రహీంపట్నం." ఇంతవరకు మామ తొందరగానే నేర్చుకున్నాడు. కష్టమంతా రెండోదానితో. అన్నం తింటున్నప్పుడో, గడ్డం గీసుకుంటున్నప్పుడో వెనక నుంచి పోయి "రాజేశం!" అని గట్టిగా పిలిచేదాన్ని. చటుక్కున తిరిగేవాడు. తిరిగితే స్కేలుతో చేతి మీద ఒకటి. బీడీల ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆరో రోజు నాలుగుసార్లు పిలిచాను, అయిదోసారి చెవి దగ్గరికి పోయి అరిచాను. మామ పచ్చిపులుసు కలుపుకుని తింటూనే ఉన్నాడు. "పాసైండు!" అని అందరూ చప్పట్లు కొట్టారు. లచ్చత్త మాత్రం చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. లోపలికి పోయి "అత్తా, గడియారాల పిలగాడు గూడ గిట్లనే గదా రాసింది" అన్నాను. అత్త కుండలోంచి నీళ్లు ముంచుతూ ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది. "నాకెరుకలేదా బిడ్డా? ఎరుకైతే ఏంజెయ్యాలె?" అంది. మామకు చెప్పమన్నాను. "ఆయినకు గూడ ఎరుకే" అంది. ముగ్గురికీ తెలుసు. తెలిసిన ముగ్గురం ఏమీ చేయలేక రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

ఒక పొద్దున కోరుట్ల బస్టాండులో ఏజెంటు మనిషి వచ్చి మామను తీసుకుపోయాడు. కొత్త ప్యాంటు, చేతిలో చిన్న బ్యాగు. అత్త బొట్టు పెట్టి పక్కకు జరిగింది. ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే నాకేమైందో తెలియదు, "రాజేశం మామా!" అని గొంతు చించుకుని అరిచాను. ఒక్కసారి తిరిగితే చాలు, తిరిగితే దిగి వచ్చేస్తాడు అనిపించింది. ఆయన తిరగలేదు. భుజాలు ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది, అది నా భ్రమో ఏమో. ఏజెంటు మనిషి నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వాడు.

ఏడాదిన్నర గడిచింది. ఉత్తరాలు గంగారాం పేరుతో వచ్చేవి, రాత మాత్రం మామది. ఒక వానాకాలం మధ్యాహ్నం అందరూ సాయమాను కింద బీడీలు చుడుతుండగా తడిసిన లుంగీతో ఒక బక్కపలచని మనిషి వచ్చి నిలబడ్డాడు.

"లచ్చవ్వంటే ఎవలు?"

"నేనే. నువ్వెవలు బావూ?"

"గంగారాంను. ఇబ్రహీంపట్నం." ఆ మాట అని చేతిలోని కాగితాన్ని చూసుకున్నాడు. "అక్కా, నేను సచ్చిపోయిన్నని కాయితమచ్చింది."

రాజవ్వ ఫక్కున నవ్వింది. చావు కబురని ఆమెకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. అత్తకు అయింది. చాట ఒళ్లోనే ఉంది, దాన్ని తీయకుండానే లేవబోయింది, తమాకంతా నేలపాలైంది. ఆ మనిషి ఏదో తానే చంపినట్టు రెండు చేతులూ జోడించి వానలోకి వెనక్కి జరిగాడు.

ఇరవై రోజులకు పెట్టె వచ్చింది, అదీ కాగితం మీదున్న ఊరికే. ఇబ్రహీంపట్నం నుంచి జీపులో కోరుట్లకు తెచ్చుకున్నాం. మూత మీద ఇంగ్లీషు అక్షరాల్లో గంగారాం పేరు. ఎట్లా పోయాడో ఎవరూ చెప్పలేదు, ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. ఎప్పుడో సాంచెలో పడి తెగిన ఎడమ చిటికెన వేలు చూసి అత్త తలూపింది. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడితే పిట్ట వచ్చి ముట్టాలి, ముట్టకపోతే ఏదో కొరత మిగిలిపోయిందని పేరు పెట్టి పిలుస్తారు. మా నాయిన పిలిచాడు, అత్త పిలిచింది. కాకి చెట్టు మీదే కూర్చుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎవరో మెల్లగా "కాయితంల పేరుతోటి పిలిచి సూడుండ్రి" అన్నారు. "గా పేరుతోటి పిలిస్తె, ఈయినెవరో నాకెరుక లేదని నేను గూడ అన్నట్టే" అంది అత్త. నేను మా అమ్మ కొంగు వెనక దాక్కున్నాను. పిలిచినా తిరగకుండా ఆయనకు నేర్పింది నేను గదా. అదే నిజమనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, పెద్దయ్యాక కూడా ఆ ఆలోచన పూర్తిగా పోలేదు. ఆఖరికి విస్తరి తీసుకుపోయి ఆవుకు పెట్టారు.

ఆ తర్వాత గంగారాంకు తన చావు అడ్డమైంది. తండ్రి భూమి తన పేరు మీదికి రావాలంటే బతికున్నానని చూపించుకోవాలి. పాపం ఆయనా తిరిగి తిరిగి, నలుగురితో సాక్ష్యం చెప్పించి, బతికున్నట్టు కాగితం తెచ్చుకున్నాడు. దాంతో ఆ చావు కాగితం చెల్లకుండా పోయింది. గంగారాం బతికాడు గనుక ఇప్పుడు లెక్క ప్రకారం ఎవరూ చనిపోలేదు. నాకు ఉద్యోగం వచ్చి జగిత్యాలలో పంతులమ్మనయ్యాక ఎన్ని అర్జీలు రాశానో. ప్రతిచోటా మర్యాదగానే విన్నారు, కుర్చీ వేశారు, ఒకాయన చాయ్ కూడా తెప్పించాడు. అందరూ చివరకు ఒకే మాట అడిగారు, రుజువేది అని. చదువుకున్నదాన్ని, నలుగురికి దరఖాస్తులు రాసిపెట్టేదాన్ని, మా అత్తకు మొగుడు చచ్చిపోయాడని ఒక్క కాగితం తెచ్చిపెట్టలేకపోయాను.

టాకీసు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. సాయమాను తీసేసి స్లాబు వేశారు. బీడీలు చుట్టేవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు మిగిలారు, ఎవరింట్లో వాళ్లు టీవీ ముందు కూర్చుని చుట్టుకుంటున్నారు, ఎవరూ ఎవరికీ కథ చెప్పనక్కర లేదు. రాజవ్వ పోయింది. ఆ సినిమా కోసం ఫోనులో ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే చూస్తానో లేదో కూడా చెప్పలేను.

మొన్న బస్సు దిగి లచ్చత్త ఇంటికి పోయేసరికి ఓటరు చీటీలు పంచే అమ్మాయి గుమ్మంలో ఉంది. చేతిలో రెండు చీటీలు. "రాజేశం తాత ఉన్నడా అమ్మమ్మా? ఇంట్ల కనవడుతలేడు. లేకుంటె జెప్పుండ్రి, పేరు తీసేయిస్త" అంది. నేను నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? చనిపోయాడంటే కాగితం అడుగుతుంది.

లచ్చత్త చెయ్యి చాపింది.

"పనికి పోయిండు బిడ్డా. ఇటియ్యి."

అమ్మాయి చీటీ ఇచ్చి పక్కింటికి పోయింది. అత్త దాన్ని తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టింది. "నాకు కండ్లు కనవడుతలెవ్వు. ఏం రాసిండ్రో సదువు" అంది.

"రాజేశం" అని చదివాను.

"మళ్ల సదువు" అంది.